పాత జాకార్డు కొన్న తరువాత తగవు వస్తే ఏమి చేయవలెను?

(ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి అనుభవము)

మన ఇండ్లలో కొత్త జాకార్డు కొనగలిగినవారు కొద్దిమంది. తక్కినవారమందరము, ఎవరో మగ్గము మానుకొన్నప్పుడు, ఎవరి కొడుకో ఉద్యోగానికి పోయినప్పుడు అమ్మకానికి వచ్చిన పాత సామాను కొనుక్కొని పని సాగించుకొనేవారమే. అందులో తప్పేమీ లేదు. నూనె పెట్టి, దుమ్ము దులిపి, బాగుగా చూసుకొన్న జాకార్డు తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చి కూడా పనిచేస్తుంది.

కాని పాత సామాను కొన్న తరువాత వచ్చే తగవులు మాత్రము మనవారిని చాల నష్టపెడుతున్నవి. డీలరు ఒక ఊరిలో, మనము ఒక ఊరిలో, మధ్యలో రాష్ట్రపు సరిహద్దు. బిల్లు ఉండదు. సాక్షి ఉండడు. చివరకు మనవాడు నోరు మూసుకొని నష్టము భరించుటయో, నోరు చేసుకొని వట్టి చేతులతో తిరిగివచ్చుటయో, ఈ రెండే జరుగుతున్నవి. మూడవ దారి కూడ ఒకటి ఉన్నది. మా సంఘములో 2022లో నడిచిన ఒక వ్యవహారము వలన దానిని మేము నేర్చుకొన్నాము. సాటి నేత కుటుంబాలకు పనికివచ్చునని ఇక్కడ రాస్తున్నాను.

మాది తమిళనాడులో సేలము ప్రాంతము. తాతలనాటి నుండి ఇంట తెలుగు, బయట తమిళము మాట్లాడుకొంటూ బ్రతుకుతున్న నేత ఇండ్లు మావి. మా సభ్యుడొకడు, భార్యాభర్తలిద్దరూ రెండు గుంటమగ్గాల మీద పట్టుచీరలు నేస్తారు. సాదా చీర కూలితో పిల్లల చదువు జరుగుట లేదని, బుటా చీరలు నేయవలెనని, 240 కొక్కేల పాత జాకార్డులు రెండు బెంగుళూరులో ఒక డీలరు వద్ద కొన్నాడు. రెంటికీ కలిపి 19,000 రూపాయలు. 15,000 అక్కడనే ఇచ్చి, మిగిలిన 4,000 నెల తరువాత ఇచ్చుటకు మాట. ఆ పదిహేను వేలలో ఇల్లాలి కమ్మలు కుదువ పెట్టిన డబ్బు కూడ ఉన్నది.

బిల్లు ఏదిరా అని తరువాత నేను అడిగితే, "ఆయన కూడ మనవాడే గదా అన్నా, తెలుగులోనే మాట్లాడినాడు, కాఫీ తెప్పించినాడు, బిల్లు అడిగితే ఏమనుకొంటాడో అని ఊరుకొన్నాను" అన్నాడు. మనవాడనే మాట మీద మనము పోగొట్టుకొన్నంత సొమ్ము పరాయివాని వద్ద పోగొట్టుకోలేదేమో! అదృష్టవశాత్తు డబ్బులో 10,000 బ్యాంకు ద్వారా పంపినాడు. "240 హుక్కులూ రన్నింగు కండిషను, బుటాకు తిరుగు లేదు" అని డీలరు సెల్లులో పంపిన సందేశము కూడ ఉన్నది. ఆ రెండే మాకు దొరికిన ఆధారాలు.

నవంబరులో సామాను వచ్చినది. తాళ్లు కట్టి, అట్టలు ఎక్కించి, పడుగు వేసి నేత మొదలు పెట్టుటకు పది దినాలు పట్టినది. ఒక మగ్గము చక్కగా నడిచినది. రెండవ మగ్గము మీద బుటాలలో గీత పడినది. పువ్వులో లేవవలసిన పోగులు కొన్ని లేచుట లేదు. పడుగు పట్టు సంఘానిది. ఆ చీర రెండవ రకము కింద రాయక తప్పలేదు. సంఘ నియమము ప్రకారము కూలిలో 900 రూపాయలు కోత పడవలెను. ఆ కోతను పుస్తకములో వేయవలసిన చెయ్యి నాది.

మావాడు కోపముతో కటింగు ప్లేయరు తీసికొని జాకార్డు విప్పబోయినాడట. అతని భార్య అడ్డుపడి, "ముందు సెక్రటరీ అన్నకు చూపించు, తరువాత నీ ఇష్టము" అన్నదట. ఈ తగవులో సగము గెలుపు ఆ తల్లిదే.

ఎందుకంటే 2010లో నేను ఈ తెలివి లేకనే మోసపోయినాను. అప్పుడు మా ఇంటికి ఒక పాత జాకార్డు కొని, అది సరిగా లేవకపోతే, నాకు తెలియని పనియా అని నేనే విప్పినాను. కొన్ని కొక్కేలు వంచినాను, కొన్ని మార్చినాను. నాలుగు దినాలు కుస్తీ పట్టి, బాగుపడక, అప్పుడు డీలరు దుకాణానికి పోయి నలుగురి ఎదుట కేకలు వేసినాను. ఆయన నిదానముగా వచ్చి చూసి, "ఇది నేను ఇచ్చిన సరుకు కాదు, మీరే విప్పి పాడు చేసినారు" అన్నాడు. నా వద్ద జవాబు లేదు. అది మొదటనే చెడి ఉన్నదో, నా చేతిలో చెడినదో నాకే తెలియదు. ఆ జాకార్డు పాత ఇనుము ధరకు పోయినది.

కాబట్టి మొదటి మాట ఇది: లోపము కనబడిన గంటలోనే మగ్గము ఆపండి. సామాను మీద చెయ్యి పెట్టవద్దు. చెడిన నేతను కోయవద్దు. సెల్లుతో ఫోటోలు తీయండి, మగ్గము నడుస్తూ ఉండగా వీడియో తీయండి. తేదీ వేసి, ఏమి కనబడినదో కాగితము మీద రాసి, పక్కింటి నేతగాని చేత సంతకము చేయించండి.

లోపము ఎక్కడ ఉన్నది?

డీలరు మొదట చెప్పే జవాబు మనకు తెలిసినదే. "జాకార్డు బాగున్నది, మీ అట్టలు తప్పు" అంటాడు. లేదా "మీ తాళ్ల కట్టు తప్పు" అంటాడు. కొన్నిసార్లు అది నిజమే అవుతుంది. అందుకని అతనితో మాట్లాడక ముందే మనము తేల్చుకోవలెను. మగ్గము దగ్గర పుట్టినవారమే కాబట్టి, కొద్దిగా ఓపిక పడితే గుడ్డయే చెప్పుతుంది.

ఒక కొక్కెము కింద, పన్నా పొడుగునా ప్రతి బుటాకు ఒక తాడు చొప్పున వేలాడుతుంది. కాబట్టి అన్ని బుటాలలోను ఒకే చోట, ఒకే పోగు చెడుతూ ఉంటే, లోపము పైన ఉన్నది. అంటే కొక్కెములోనో, సూదిలోనో, దాని వెనుక స్ప్రింగులోనో. ఒక్క బుటాలో మాత్రమే చెడి, పక్కవి బాగుంటే, లోపము కింద, అంటే తాటిలోనో, పోగు దూర్చిన కంటిలోనో, కట్టిన బరువులోనో ఉన్నది. అట్టల వరుస తిరిగి వచ్చినప్పుడెల్లా ఒకే పేక దగ్గర తప్పు పడుతుంటే ఆ అట్ట రంధ్రము తప్పు. ఒక వరుస కొక్కేలు కలిసి లేవకపోతే వాటిని ఎత్తవలసిన కత్తి వంగినది. ఈ చోటు ఆ చోటు అనక చెదురుమదురుగా తప్పులు పడుతుంటే, అట్టలను నొక్కే సిలిండరు అరిగి, రంధ్రాలు సూదులకు ఎదురుగా నిలుచుట లేదని అనుమానించవలెను.

మా సభ్యుని గుడ్డలో అన్ని బుటాలలోను ఒకే చోట గీత పడినది. లెక్క పెడితే ఒకే వరుసలో పదకొండు కొక్కేలు లేచుట లేదు. అంటే అట్ట కాదు, తాడు కాదు, కత్తి.

ఉత్తరము

మరునాడే ఉత్తరము రాసినాము. నేను పదవ తరగతి వరకే చదివినవాడను, మావాడు అంతకూడ లేదు. ఉత్తరానికి పెద్ద చదువు అవసరము లేదు. కొన్న తేదీ, ఇచ్చిన డబ్బు, చెప్పిన మాట, కనబడిన లోపము, మనము కోరేది, గడువు. ఈ ఆరూ ఉంటే చాలును. మేము రాసినది ఇంచుమించు ఇట్లున్నది:

"అయ్యా, ఫలానా తేదీన తమ వద్ద 240 కొక్కేల పాత జాకార్డులు రెండు 19,000 రూపాయలకు కొని, 15,000 చెల్లించినాను. 240 హుక్కులూ పనిచేయునని తాము సందేశము పంపినారు. ఒకటి బాగున్నది. రెండవదానిలో ఒక వరుసలో పదకొండు కొక్కేలు లేచుట లేదు. మగ్గము ఆపి, సామాను విప్పకుండా ఉంచినాను. తమ మెకానికును 15 దినాలలో పంపి చూపించి, బాగుచేసి ఇవ్వవలెను, లేదా ఆ ఒక్కటి తిరిగి తీసికొని దాని ధర ఇవ్వవలెను. బాకీ 4,000 ఎగవేయు ఉద్దేశము నాకు లేదు. వ్యవహారము తేలిన దినమే చెల్లించగలవాడను."

ఇందులో దొంగ, మోసగాడు అనే మాటలు లేవు. రెండు సామానులూ వెనుకకు తీసికో అని అడగలేదు, ఒకటి బాగున్నది గనుక. బాకీ ఎగవేసే ఉద్దేశము లేదని మనమే రాసినాము, ఆ నెపము డీలరు చేతికి ఇవ్వకుండుటకు. స్పీడు పోస్టులో పంపి రశీదు, నకలు సంఘములో దాచినాము. అదే ఉత్తరమును ఫోటో తీసి సెల్లులో కూడ పంపినాము.

మూడవనాడు డీలరు ఫోను చేసినాడు. "సెక్రటరీగారూ, పాత సామానుకు గ్యారంటీ ఎక్కడైనా ఉన్నదా? చూసి, నచ్చి, లారీకి ఎత్తుకొని పోయినాడు. అమ్మిన సరుకు వెనుకకు తీసికొనేది లేదు" అన్నాడు. నేను కోపపడలేదు. "గ్యారంటీ అడగలేదయ్యా. 240 పనిచేస్తవని మీరు చెప్పినారు, 229 పనిచేస్తున్నవి. మీ మనిషిని పంపండి. తప్పు మా అట్టలదని తేలితే మీ మనిషి రానుపోను ఖర్చు మాది" అన్నాను. ఆ మాట మీద ఒప్పుకొన్నాడు.

అట్టలు మార్చి చూచుట

మెకానికు వచ్చినాడు. వచ్చీ రాగానే అట్టలే తప్పన్నాడు. అప్పుడు మేము ఒక పని చేసినాము. రెండు జాకార్డులూ ఒకే కొలతవి గనుక, బాగున్న మగ్గము మీది అట్టలను తెచ్చి చెడ్డదానికి ఎక్కించినాము. దాని అట్టలను బాగున్న దానికి ఎక్కించినాము. తప్పు అట్టలతో కూడ పోవలెను గదా? పోలేదు. ఏ అట్టలు వేసినా ఆ జాకార్డు మీదనే గీత పడినది. ఇక అతడు మాట్లాడలేదు. అతడే మూత విప్పినాడు. కత్తులు బిగించే చట్రము ఒక మూల ఎప్పుడో విరిగి, అతుకు వేసి ఉన్నారు. అతుకు వంకరగా ఉండుటచేత ఒక కత్తి కొక్కేలకు సరిగా అందుట లేదు. ఆ అతుకు మీద కొత్త రంగు! రంగు వేసిన తరువాతనే సామాను మా ఊరికి వచ్చినది గనుక, విరిగినది మా ఊరిలో కాదని అందరికీ తెలిసిపోయినది.

కాని అక్కడనే ఇంకొకటి కూడ బయటపడినది. నాలుగు స్ప్రింగులు తుప్పు పట్టి ఉన్నవి. "ఇది పాత తుప్పు కాదు, ఈ మధ్య నీళ్లు పడినవి" అన్నాడు మెకానికు. నేను మావాని ముఖము చూసినాను. వాడు తలవంచుకొని, "లారీ దింపిన రాత్రి వాన అన్నా, ఒక మూల తడిసినది, చెప్పితే మన మాట నిలవదని చెప్పలేదు" అన్నాడు.

నాకు ఒక నిమిషము ఏమీ తోచలేదు. దాచివేయుటకు మెకానికు పరాయి మనిషి, పట్టుపట్టి అడిగేవాడు కూడ కాదు. అయినా ఆ రాత్రియే నేను డీలరుకు ఫోను చేసి, "స్ప్రింగుల తుప్పు మా వాన వలన వచ్చినది, అది మా ఖాతా. చట్రము అతుకు మీ ఖాతా" అని చెప్పినాను. ఆయన కాసేపు మాట్లాడక ఊరుకొని, "అట్లయితే రేపు వస్తాను" అన్నాడు. గ్యారంటీ లేదన్న మనిషి, మన తప్పు మనమే ఒప్పుకొన్న మీదట తన తప్పు కాదనలేకపోయినాడు.

రాజీ ఇట్లు కుదిరినది. వారము దినాలలో కొత్త చట్రము, కత్తులు డీలరు తన ఖర్చుతో వేయించవలెను. స్ప్రింగులు మేము కొనుక్కోవలెను. కోత పడిన కూలి 900, మగ్గము ఆగిన దినాలకు 600, మొత్తము 1,500 బాకీలో తగ్గించి, 240 కొక్కేలూ లేచినట్లు చూసిన తరువాత 2,500 చెల్లించవలెను. ఇదంతయు కాగితము మీద రాసి, ఇరువురూ, ఇద్దరు సాక్షులూ సంతకాలు చేసి, చెరొక నకలు తీసికొన్నారు. నోటితో అయిన రాజీ మరొక తగవుకు విత్తనము. ఆ వారము దాటకుండానే చట్రము వచ్చినది, డబ్బు చెల్లినది.

రాజీ కుదరకపోతే

అన్ని వ్యవహారాలూ ఇట్లు ముగియవు. అప్పుడు చట్టము ఏమి చెప్పుచున్నదో తెలిసి ఉండవలెను.

1930 నాటి వస్తు విక్రయ చట్టము 16వ సెక్షను ప్రకారము, ఆ సరుకుతో వ్యాపారము చేసేవానికి ఏ పనికి కావలెనో ముందుగా చెప్పి, అతని తెలివిని నమ్మి కొన్నప్పుడు, సరుకు ఆ పనికి తగినదై ఉండవలెను. కాని మనము చూసి కొన్న సరుకులో, చూసినప్పుడే కనబడవలసిన లోపమును గురించి తరువాత అడుగుటకు ఆ సెక్షనులో బలము లేదు. రంగు కింద దాగిన అతుకు వేరు, కంటి ఎదుట విరిగి ఉన్న చట్రము వేరు.

2019 వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై నుండి అమలులో ఉన్నది. వ్యాపారము కొరకు కొన్నవారు ఈ చట్టము కిందికి రారు. కాని స్వయముగా పనిచేసి జీవనము గడుపుకొనుటకే కొన్న సామాను వ్యాపారము కింద లెక్కకు రాదని అందులోనే ఉన్నది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగు వర్క్సు కేసులో సుప్రీముకోర్టు ఈ సంగతి వివరించినది. యంత్రము తానే నడుపుకొనేవాడు ఒకరిద్దరి సాయము తీసికొన్నంత మాత్రాన వినియోగదారుడు కాకపోడని చెప్పినది. అంటే ఆలుమగలు కూర్చుండి నేసే మగ్గానికి ఈ చట్టము అండగా నిలుస్తుంది. పది ఇరువది మగ్గాలు పెట్టి కూలికి నేయించేవారికి ఆ మాట చెప్పలేము. వారు సివిలు కోర్టుకు పోవలసి ఉంటుంది, అక్కడ సాధారణముగా గడువు మూడేండ్లు. అందుకని సంఘము సాయము చేసి కొనిపించినా, నేసేవాని పేరనే బిల్లు రాయించుకొనుట మేలు.

మనవంటి సరిహద్దు దాటి కొనేవారికి ఈ చట్టములో ఒక గొప్ప మేలు ఉన్నది. మనము కాపురముండే లేక పనిచేసికొనే చోటి జిల్లా కమిషనులోనే ఫిర్యాదు వేయవచ్చును. సోలాపురములో ఉన్నవాడు సూరతులో కొన్నను, బరంపురములో ఉన్నవాడు చెన్నైలో కొన్నను, డీలరు ఊరికి పరుగెత్తనక్కరలేదు. 1986 నాటి పాత చట్టములో ఈ సౌకర్యము లేదు. ఫిర్యాదుకు గడువు రెండేండ్లు. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే నిలబడి చెప్పుకోవచ్చును. బిల్లు ఇవ్వకపోవుటయు, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 దినాలలోగా, వెనుకకు తీసికొని డబ్బు ఇచ్చుటకు నిరాకరించుటయు అన్యాయ వ్యాపార పద్ధతులని ఈ చట్టములో రాసి ఉన్నది. కాబట్టి "అమ్మిన సరుకు వెనుకకు తీసికొనము" అని అచ్చు వేసిన కాగితము చూసి బెదరవలదు. ఆ 30 దినాలలోనే ఉత్తరము పంపవలెననునది మాత్రము మరువవలదు. మొదట సలహాకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చును. సామాను లోపము తెలిసినవారికి చూపవలెనంటే సేలము, కాంచీపురము, బెంగుళూరు, భువనేశ్వరము, ముంబయిలలో కేంద్ర ప్రభుత్వపు వీవర్స్ సర్వీసు సెంటర్లు ఉన్నవి. అక్కడ జాకార్డు పని తెలిసినవారు ఉంటారు.

కొనక ముందు

ఇంత కథా కొనేనాడు అరగంట ఓపిక పట్టి ఉంటే జరగదు. డీలరు కొక్కేలను చేతితో ఎత్తి చూపించినాడు, మావాడు నమ్మినాడు. అట్లు చూచుట కాదు. ఆ జాకార్డు కొలతకు సరిపడే రెండు అట్టలు వెంట తీసికొని పోవలెను. ఒకదానికి అన్ని రంధ్రాలూ కొట్టి ఉండవలెను, రెండవదానికి ఒక్కటి కూడ ఉండరాదు. రంధ్రాలున్న అట్ట వేసి ఎత్తితే 240 కొక్కేలూ లేవవలెను. రంధ్రాలు లేనిది వేసి ఎత్తితే ఒక్కటి కూడ లేవరాదు. పది మారులు ఎత్తి దించి, ప్రతిమారు లెక్క పెట్టవలెను. తరువాత బిల్లు మీద "పాతది, 240 కొక్కేలు, అన్నియు పనిచేయును, బుటా చీరల నేతకు" అని రాయించవలెను. డబ్బులో ఎక్కువ భాగము బ్యాంకు ద్వారా ఇవ్వవలెను. కొంత బాకీ ఉంచి, ఒక చీర నేసిన తరువాత ఇచ్చునట్లు మాట్లాడుకోవలెను. మనవాడైనా ఇదే పద్ధతి. నిజముగా మనవాడైతే రాసి ఇచ్చుటకు వెనుకాడడు.

ఆ అట్టలు రెండూ ఇప్పుడు మా సంఘము కార్యాలయములో మేకుకు తగిలించి ఉన్నవి. పాత జాకార్డు కొనబోయే సభ్యుడు రిజిస్టరులో సంతకము చేసి వాటిని తీసికొని పోయి, తిరిగి తెచ్చి తగిలించవలెను. మొదట తీసికొని పోయినది ఆ సభ్యుని బావమరిదే. ఈరోడ్డులో ఒక జాకార్డు చూసి, ఆరు కొక్కేలు లేవలేదని తేలగా, కొనకుండానే తిరిగి వచ్చినాడు. బస్సు ఖర్చు తప్ప వేరే నష్టము లేదు.